గుండెకు ఫస్టు ర్యాంకు

తెనాలి బస్టాండు ఎదురుగా మా బాబాయి నవ్వుతున్నాడు. రెండంతస్తుల ఎత్తు ఫ్లెక్సీ. మెడలో గులాబీ దండ, తల వెనక తిరిగే వెలుగుల చక్రం, గుండె ఉండాల్సిన చోట ఎర్రటి బొమ్మ, దాని మీద 100/100. కింద ఇంత లావు అక్షరాలు: 'గుండెలో స్టేట్ ఫస్ట్. మా సెంటర్ విద్యార్థి శ్రీ వీరభద్రం గారు, వయసు అరవై ఆరు. చేరండి, మీ గుండెకూ ర్యాంకు గ్యారంటీ.' చుట్టూ చిన్న చిన్న గుండ్రాల్లో మిగతా ర్యాంకర్ల మొహాలు, ఇంటర్ ఫలితాల రోజు పేపర్లో వేసినట్టు.

బస్సు దిగి అది చూసిన నాకు రోత పుట్టింది. ఆ నూరు మార్కులు వేసిన యంత్రం తయారైంది నేను పనిచేసే ల్యాబులోనే. కాబట్టి ఆ రోతలో ఒక పాలు నా మీద నాకే.

మంగళగిరిలో మేం చేసింది ఒక కుర్చీ. వెనక్కి వాలి, రెండు చేతులూ ఆనించి కాసేపు కూర్చుంటే చాలు, గుండె ఒక చప్పుడుకీ ఇంకో చప్పుడుకీ మధ్య ఎంత ఎడం తీసుకుంటుందో వెంట్రుకవాసి తేడా లేకుండా కొలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న గుండె గడియారంలా కొట్టుకోదు. ఊపిరి పీలిస్తే కాస్త తొందరపడుతుంది, వదిలితే కాస్త నిదానిస్తుంది. జబ్బు రాబోయే గుండెలో ఎడాల్లోని ఆ హెచ్చుతగ్గు, మేం సాగుడు అనేది, ముందే తగ్గిపోతుంది. నొప్పి రాకముందే, ఆయాసం మొదలవకముందే, ఎప్పుడు చూసినా ఒకే ఎడంతో టకటకా కొట్టుకుంటుంది. కుర్చీ పని దాన్ని పట్టుకోవడమే. ఎర్రదీపం వెలిగితే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, పచ్చదీపం వెలిగితే ఇంటికి వెళ్ళాలి. అంతకుమించి ఆ కుర్చీ ఏమీ చెప్పకూడదు, చెప్పలేదు కూడా.

మొదటి క్యాంపు దుగ్గిరాలలో పెట్టాం. పచ్చదీపం వెలిగిన పసుపు రైతొకాయన కుర్చీలోంచి లేవలేదు. ఎన్నొచ్చాయమ్మా అని అడిగాడు. మార్కులేమీ ఉండవు, మీ గుండె బాగుంది అని చెప్పాను.

"బాగుందంటే ఎంత బాగుందమ్మా? మా వియ్యంకుడికీ పచ్చదే వెలిగింది గదా. ఆయనా నేనూ ఒకటేనా?"

నేను నవ్వేశాను. నా పక్కనున్న మా డైరెక్టరు డాక్టర్ ఉమాకాంత్ నవ్వలేదు. ఆయన కళ్ళు మెరిశాయి. నెల తిరక్కుండా కుర్చీ నూటికి ఇన్నని మార్కులు వేయడం మొదలుపెట్టింది. తర్వాత జిల్లా ర్యాంకులు, ఆ తర్వాత స్టేటు ర్యాంకులు. పుట్టిన పిల్లాడి బరువులో కూడా ఎవరు ఫస్టో తెలిస్తే గానీ నిద్రపట్టని జనం మనం. ఇక చెప్పేదేముంది. పెళ్ళిచూపుల్లో జాతకంతోపాటు గుండె మార్కులు అడిగారు. అపార్టుమెంటు సంఘాలకు ప్రెసిడెంట్లను గుండె మార్కులు చూసి ఎన్నుకున్నారు. డెబ్బై రానివాళ్ళు నలుగురిలోకి రావడానికి సిగ్గుపడ్డారు.

మార్కులున్నచోట కోచింగ్ ఉండకపోతే అది మన దేశమే కాదు. నెమ్మదిగా, పొడుగ్గా ఊపిరి తీస్తూ కూర్చుంటే కాసేపటివరకు గుండెలో సాగుడు పెరుగుతుంది, అది నిజమే. దాంతో ఊపిరి క్లాసులు వెలిశాయి. నిజంగా దెబ్బతిన్న గుండెలు కూడా కుర్చీలో కూర్చున్నంతసేపు ఊపిరి పొడుగ్గా లాగి పాసైపోయి, బయటికొచ్చి పార్టీలు చేసుకున్నాయి. మా బాబాయి కొడుకు చక్రధర్ అంతకుముందు ఎంట్రన్సు పిల్లలకు ఫిజిక్సు చెప్పేవాడు. ఆ ఉద్యోగం పోయాక తెనాలిలో పెట్టింది ఇలాంటి సెంటరే.

ఇంకో సంగతి చెప్పాలి. మొదట మేం రాసిన ప్రోగ్రాములో ఒక అడ్డు ఉండేది. గుండె అసలే లయ తప్పి కొట్టుకుంటూ ఉంటే కుర్చీ మార్కు వేయదు, ఈసీజీ తీయించుకోమని పంపుతుంది. లయ తప్పిన గుండెలో ఎడాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. ఆ అడ్డే లేకపోతే కుర్చీ వాటిని చూసి, ఆహా ఏమి సాగుడు అనుకుని నూటికి నూరు వేసేస్తుంది. రోగికి బంగారు పతకం ఇచ్చినట్టవుతుంది. కానీ క్యాంపుల్లో మార్కు రాని పెద్దవాళ్ళు గొడవచేశారు. అందరికీ వేసి మాకెందుకు వేయరని టెంట్లు పీకినంత పని చేశారు. ఉమాకాంత్ ఆ అడ్డు తీయించేశారు. మీటింగులో నేను ఒప్పుకోనన్నాను. ఎక్కడో ఒక పొరపాటు కేసు కోసం ఇంతమందిని ఏడిపిస్తామా నీరజా అంటూ ఆయన పునుగుల ప్లేటు నా వైపు జరిపారు. మిగతావాళ్ళు పునుగులు తింటూ తలలూపారు.

బాబాయి ఇంటికి వెళ్ళేసరికి పండగలా ఉంది. వార్డువాళ్ళెవరో వచ్చి శాలువా కప్పి పోయారట. ఇంకొకళ్ళు వచ్చి కప్పుతున్నారు. ఆయన పౌరాణిక నాటకాల్లో వేషాలు వేసినవాడు. రాగం ఎత్తుకుంటే జనం గాలి పీల్చడం మర్చిపోయేవాళ్ళు, ఆయన మాత్రం గాలి పీల్చే అవసరమే లేనట్టు పాడుతూ ఉండేవాడు. ఊపిరి అంత పొడుగు కాబట్టే గుండెకు నూరు వచ్చాయని ఊరంతా నమ్మింది. చక్రి సెంటర్లో ఆయన చేత పద్యాలు నేర్పిస్తున్నారు కూడా. శాలువా కప్పినవాళ్ళు ఒక పద్యం పాడమన్నారు. బాబాయి చెయ్యి చాచి ఎత్తుకున్నాడు. రాగం సగంలో తెగింది. దగ్గినట్టు నటించి, మంచినీళ్ళు అడిగి, మళ్ళీ అందుకున్నాడు. చప్పట్లు కొట్టారు. ఆ తెగింది రాగం కాదు, ఊపిరి అని నాకు అనిపించింది.

వాళ్ళు వెళ్ళాక పక్కన కూర్చుని, ఉంగరం చూస్తున్నట్టు ఆయన చెయ్యి పట్టుకుని మణికట్టు మీద వేళ్ళు పెట్టాను. రెండు గబగబా కొట్టుకుని, ఆగి, ఒకటి బలంగా, ఒకటి అందీ అందకుండా, మళ్ళీ మూడు గబగబా. ఊపిరితో సంబంధం లేదు, దేనితోనూ సంబంధం లేదు. జీవితమంతా తాళం తప్పని మనిషి ఒంట్లో తాళమే లేదు. రాష్ట్రమంతా ఆ గుండెకు ర్యాంకు ఇచ్చింది గానీ ఒక్కడంటే ఒక్కడు నాడి పట్టుకుని చూడలేదు.

వంటింట్లో సామ్రాజ్యం పిన్ని నన్ను పక్కకు లాగింది. "ఈమధ్య మేడమెట్లు ఎక్కితే ఆయాసమే నీరజా. పడుకుంటే గుండెల్లో పిట్ట కొట్టుకున్నట్టు ఉందంటన్నాడు. చక్రిగాడితో చెబితే, నూటికి నూరొచ్చిన గుండె అట్టానే ఉంటదమ్మా అన్నాడు."

ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాను. ఇది లయ తప్పిన గుండె. అందులో రక్తం నిలవుండి గడ్డ కడుతుంది, ఆ గడ్డ మెదడుకు ఎక్కితే పక్షవాతం వస్తుంది. మందులున్నాయి, రోజూ వేసుకుంటే చాలు, ముందు ఈసీజీ తీయించాలి అన్నాను. చక్రి మొహం ఎర్రబడింది.

"మార్కులేసింది మీ కుర్చీనే గదక్కా. అప్పుడు కరెక్టైంది ఇప్పుడు తప్పెట్టా అయింది? నాన్నకి జబ్బంటే నా సెంటర్ మొహం ఎవడు చూస్తాడు? విజయవాడలో ర్యాంకర్ల సన్మానం ఫంక్షనేమో వచ్చే సోమవారం."

వాడి మీద నాకు జాలి రాలేదు. కన్నతండ్రి ఆయాసాన్ని కూడా ప్రచారానికి వాడుకునే కొడుకును చూస్తే కంపరం పుట్టింది. కానీ నన్ను ఆపింది వాడు కాదు, బాబాయి. ఆయన కప్పిన శాలువా తీయకుండానే మాట్లాడాడు.

"నలభయ్యేళ్ళు మొహానికి రంగేశాను నీరజమ్మా. ఒక్క పరిషత్తులోనూ ఫస్టు రాలా. ఎప్పుడు చూసినా ప్రోత్సాహక బహుమతే. రాజు వేషం ఒకడిది, రాజు పక్కన నిలబడే వేషం నాది. ఇన్నాళ్ళకి నా గుండెకొచ్చింది ఫస్టు. దాన్నీ జబ్బంటావేందమ్మా?"

ఆ వారమంతా ఆయనకు ఊరూరా సన్మానాలేనట. సోమవారం ఉదయమే గుంటూరులో గుండె డాక్టరుకు చూపిద్దామని, ఫంక్షనుకు సాయంత్రమే కదా వెళ్ళేదని పిన్ని చేత ఒప్పించాను. ఆయన సరేనన్నాడు, నటుడు కాబట్టి బాగానే అన్నాడు.

మర్నాడు ల్యాబులో బాబాయి రికార్డు తెరిచి ఉమాకాంత్ ముందు పెట్టాను. పక్కన పద్యాలు పాడే ఇంకొకాయన రికార్డు. ఆయనది ఊపిరితోపాటు పైకి లేచి కిందికి దిగుతూ, అలలు అలలుగా ఉంది. బాబాయిది గింజలు విసిరికొట్టినట్టు ఉంది. పొడుగు ఊపిరి వల్ల వచ్చే సాగుడు అలా ఉంటుంది, రోగం వల్ల వచ్చేది ఇలా ఉంటుంది అన్నాను. ఉమాకాంత్ రెండో ర్యాంకు తెరవమన్నారు. గింజలే. మూడు, గింజలే. నాలుగు బాగుంది. ఐదు మళ్ళీ గింజలే. ర్యాంకుల జాబితా మొదటి పేజీలో సగంమందికి పైగా మా బాబాయిలే ఉన్నారు. రాష్ట్రం మొత్తం దండలేసి ఊరేగిస్తున్న ఆ జాబితా రోగుల జాబితా.

ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు. తర్వాత అడిగిన మొదటి మాట ఇది.

"ఎవరికైనా చెప్పావా?"

వీళ్ళు ఎక్కడివాళ్ళు, ఎలా ఉన్నారు, ఎవరైనా మంచాన పడ్డారా, ఇవేవీ కాదు. ఎవరికైనా చెప్పావా, అంతే. ఫంక్షను కానివ్వు, తర్వాత మెల్లగా ఒక అప్‌డేట్ ఇచ్చి ర్యాంకులు మారాయందాం, ఎవరూ నొచ్చుకోరు అన్నారు. ఈలోపు గడ్డకడితే ఎవరిది బాధ్యత అన్నాను. స్క్రీనింగ్ అంటేనే గ్యారంటీ కాదు అని కుర్చీ వెనక సన్న అక్షరాల్లో రాసే ఉంది కదమ్మా అన్నారు. టీ తెప్పించారు. తాగకుండా లేచి, మొదటి పేజీలోని ఫోను నంబర్లన్నీ నా ఫోనులోకి ఎక్కించుకుని బయటికొచ్చాను. బాబాయి ఈసీజీ చేతిలో ఉంటేనే వాళ్ళు నా మాట నమ్ముతారని సోమవారం దాకా ఆగాను.

సోమవారం పొద్దున్నే తెనాలి వెళ్ళేసరికి పిన్ని గుమ్మంలో ఒక్కతే ఉంది. రిహార్సలని చెప్పి చక్రి ముందురోజే తండ్రిని విజయవాడ తీసుకుపోయి హోటల్లో పెట్టాడట. ఇద్దరి ఫోన్లూ ఎత్తడం లేదు. ఈసీజీలో ఏదన్నా తేలితే ర్యాంకు కొట్టేస్తారని వాడు చెప్పాడట. తండ్రి ఆ మాటకే భయపడి బయల్దేరాడట. చచ్చిపోతావంటే భయపడని మనిషి, సెకండ్ ర్యాంకు వస్తుందంటే భయపడ్డాడు. నేనూ పిన్నీ విజయవాడ బస్సెక్కాం. హోటళ్ళన్నీ వెతికి, ఎక్కడా దొరక్క, చివరికి సాయంత్రం ఫంక్షను హాలు దగ్గరికే చేరాం.

హాలు కిక్కిరిసి ఉంది. మమ్మల్ని వెనక వరసలోకి నెట్టారు. స్టేజీ మీద సింహాసనంలా అలంకరించిన మా కుర్చీ, దాని వెనక మార్కులు చూపించే గోడంత తెర. పక్కనున్న పరదా తొలగించగానే బాబాయి వచ్చాడు, రాజు వేషంలో. కిరీటం, భుజకీర్తులు, మోయలేనన్ని పూసల దండలు, అంటించిన మెలితిప్పిన మీసం. ఆయన జీవితంలో మొదటిసారి రాజు వేషం కట్టించారు. మెట్టు ఎక్కుతూ ఆగి గాలి పీల్చుకోవడం నాకు కనిపించింది. జనానికి అది రాజసంలా కనిపించి ఉంటుంది. ఆయన కుర్చీలో కూర్చుని చేతులు ఆనించి పద్యం ఎత్తుకున్నాడు. తెర మీద అంకె లేచింది. ఎనభై, తొంభై, తొంభై ఏడు. అంకె మారినప్పుడల్లా ఈలలు.

నూరు పడగానే హాలు లేచి నిలబడింది. అప్పుడు బాబాయి పద్యంలో మాటలు పోయాయి. రాగం మిగిలింది. ఆ రాగం కూడా ఎటో జారిపోతోంది. అంటించిన మీసం ఒకవైపు కిందికి వాలింది. గమ్ము ఊడిందనుకుని ముందు వరసలు నవ్వాయి. ఎవడో ఒన్స్ మోర్ అని అరిచాడు. దాన్ని హాలంతా అందుకుంది.

పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "జారింది మీసం కాదే. మూతి."

జనాన్ని తోసుకుంటూ పరిగెత్తాం. స్టేజీ దగ్గర వాలంటీర్లు పాసు ఉందా అని ఆపారు. అటు ఉమాకాంత్ మైకు అందుకుని, కంగారు పడకండి, ఒక్కసారి తెర చూడండి, గుండె నూటికి నూరుంది, వేషం బరువుకి కళ్ళు తిరిగి ఉంటాయి అంటున్నారు. జనం తెర చూసి కుదురుగా కూర్చున్నారు. చక్రి తండ్రి నోట్లో సోడా పోస్తున్నాడు. అది మింగుడుపడక భుజకీర్తి మీదుగా కారుతోంది. బాబాయి కుడిచెయ్యి ఒళ్ళో పడిపోయి ఉంది. తెర మీద నూరు అలాగే వెలుగుతోంది. ఇది పక్షవాతం, ఒక్కో క్షణం పోతోంది, అంబులెన్సు పిలవండి అని నేను గొంతు చించుకుంటే, నూటికి నూరుంటే పక్షవాతమేంటండీ అని ఒక వాలంటీరు నాకు నచ్చజెప్పబోయాడు. వాణ్ణి తోసేసి పైకెక్కాను. పిన్నీ నేనూ కిరీటంతో సహా ఆయన్ని ఎత్తబోతే, అప్పటికి తెలివి తెచ్చుకున్న చక్రి వచ్చి కాళ్ళవైపు ఎత్తిపట్టాడు. ఇదంతా జనం ఫోన్లలో తీసుకున్నారు. ఒక్కడు కూడా దారి ఇవ్వడానికి ఫోను కిందికి దించలేదు.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు కుర్రదే. లోపలికి తీసుకెళ్తూనే మణికట్టు పట్టుకుంది, అంతే, తల తిప్పి అడిగింది. లయ తప్పి ఎన్నాళ్ళయింది, రక్తం పలచన చేసే మందు వాడటం లేదా అని. చక్రి ముందుకొచ్చి, మేడమ్, కానీ నూటికి నూరొచ్చింది అన్నాడు. ఆమె వాణ్ణి ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

బాబాయి బతికాడు. కుడివైపు పడిపోయింది. మాట పోయింది. మూడో రోజు నన్ను చూసి ఏదో చెప్పబోయాడు. గొంతులోంచి రాగంలాంటిదేదో వచ్చింది గానీ ఒక్క అక్షరం కూడా కట్టలేదు. పెదవి పక్కన జారుతున్న లాలాజలాన్ని పిన్ని కొంగుతో తుడుస్తూ ఉంది. మీసం అంటించిన చోట గమ్ము మరక ఇంకా పోలేదు. ఆ పద్యాల మనిషికి పద్యం లేకుండా చేశారు, శాలువాలు కప్పి, చప్పట్లు కొట్టి, ఒన్స్ మోర్ అని మరీ చేశారు. ఉమాకాంత్ పళ్ళబుట్ట పంపించారు. దాన్ని తీసుకెళ్ళి ఆసుపత్రి చెత్తకుండీలో పడేసి చేతులు కడుక్కున్నాను.

తర్వాత వరండాలో కూర్చుని మొదటి పేజీ నంబర్లు తీశాను. రెండో ర్యాంకు చీరాలలో ఒక రిటైర్డు తాసిల్దారుగారిది. కోడలు ఎత్తింది. కుర్చీ చేసిన ల్యాబు నుంచి మాట్లాడుతున్నానని, మీ మామగారి గుండె లయ తప్పిందని అనుమానం ఉందని, ఈరోజే ఈసీజీ తీయించండని, ఫస్టు ర్యాంకు వచ్చిన మా బాబాయి ఇదే జబ్బుతో పక్షవాతం వచ్చి పడి ఉన్నాడని, పొల్లుపోకుండా చెప్పాను. ఆమె అయ్యో పాపం అంది. నిజంగానే బాధపడింది. తర్వాత కొంచెం గొంతు తగ్గించింది.

"ఏమనుకోబాకండి మేడమ్. అయితే ఇప్పుడు ఫస్టు మా మామయ్యగారికి వచ్చినట్టేనాండీ?"

ఫోను నేలకేసి కొడదామనిపించింది. ఈ జనాన్ని ఇట్లాగే వదిలేసి, ఇంటికి పోయి తలస్నానం చేసి పడుకోవాలనిపించింది. ఆమె వెనక ఎవరో పెద్దాయన ఎవరమ్మా అని అడగడం, ఆ ఒక్క ముక్కకే ఆయాసపడటం వినిపించింది.

"అవునండీ, ఆయనకే వచ్చింది. కానీ ఈరోజు సాయంత్రంలోపు పెద్దాసుపత్రిలో ఈసీజీ తీయించుకుని, డాక్టరు రాసిచ్చిన మందులు మొదలుపెట్టినవాళ్ళకే ఫస్టు ఇస్తారు. ఆలస్యమైతే ర్యాంకు పోతుంది."

"ఇప్పుడే బయల్దేరదీస్తానండీ" అంది. మామయ్యా చొక్కా వేసుకోండి, మీకు ఫస్టొచ్చింది అని ఆమె చెప్పడం వినబడుతుండగానే ఫోను పెట్టేశాను.

నా నోరే నాకు కంపు కొట్టింది. గదిలో బాబాయి అక్షరం లేని ఆ రాగం మళ్ళీ తీస్తున్నాడు. మూడో నంబరు నొక్కి, వాళ్ళు ఎత్తగానే, మీవాళ్ళకు ఫస్టు ర్యాంకు వచ్చిందని చెప్పాను.